ఒక్కో ఫైల్‌కు ఒక్కో సెట్టింగు: టెక్స్ట్ ఎడిటర్ వాడేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, అమలాపురం, పాలకొల్లు, కాకినాడ ప్రాంతాల్లో విమ్, ఈమ్యాక్స్, వీఎస్ కోడ్ వంటి ఎడిటర్లతో పని చేసే విద్యార్థులు, చిన్న కార్యాలయాల్లో లెక్కల ఫైళ్ళు చూసుకునేవారు, తెలుగు పాఠ్యాన్ని కంపోజ్ చేసేవారు నన్ను అడిగే సందేహాలు చాలావరకు ఒకే చోట తిరుగుతాయి. ఏడాదికేడాది కొత్త బ్యాచ్ వస్తుంది, అవే సందేహాలు మళ్ళీ వస్తాయి. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

ఆజ్ఞలను, ఆప్షన్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. ఎడిటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి. విమ్ ఆప్షన్ల పేర్లు మధ్యలో ఖాళీ లేకుండా ఉంటాయి, ఈమ్యాక్స్ పేర్లలో మాటల మధ్య అడ్డగీత, ఎడిటర్‌కాన్ఫిగ్ పేర్లలో అండర్‌స్కోర్ ఉంటాయి.

## మొదలుపెట్టే ముందు

నా కంప్యూటర్‌లో చక్కగా ఉన్న ఫైల్‌ను పాలకొల్లులో మా బావగారు తెరిస్తే వరుసలన్నీ చెదిరిపోయాయి. ఫైల్ పాడైందా అండీ?

పాడవలేదు. ట్యాబ్ అనేది ఫైల్‌లో ఒకే ఒక్క బైటు. అది తెరమీద ఎన్ని స్థానాల వెడల్పున కనిపించాలో ఫైల్ చెప్పదు, తెరిచిన ఎడిటర్ నిర్ణయిస్తుంది. ఏమీ మార్చకపోతే విమ్ ఆ వెడల్పును 8గా, వీఎస్ కోడ్ 4గా తీసుకుంటాయి. మీరు కొన్ని వరుసల్లో ట్యాబులు, కొన్నింట్లో స్పేసులు కలిపి వాడి ఉంటే, మీ వెడల్పుకు సరిపోయిన వరుసలు ఆయన వెడల్పుకు సరిపోవు. ఈ సమాచారాన్ని ఫైల్‌తోపాటు పంపడానికే ఫైల్‌వారీ సెట్టింగులు ఉన్నాయి.

అసలు ఫైల్‌లోనే సెట్టింగు రాయడమంటే ఏమిటి?

ఫైల్ మొదట్లోనో చివర్లోనో, ఆ భాషలో వ్యాఖ్యగా చెల్లే ఒక వరుసలో, ఎడిటర్‌కు మాత్రమే అర్థమయ్యే మాటలు కొన్ని రాయడం. కంపైలర్ దాన్ని వ్యాఖ్య అనుకొని వదిలేస్తుంది, ఎడిటర్ చదివి అమలు చేస్తుంది. విమ్ వాడేవారు దీన్ని మోడ్‌లైన్ అంటారు, ఈమ్యాక్స్ వాడేవారు ఫైల్ లోకల్ వేరియబుల్స్ అంటారు. మీ ఎడిటర్‌లో మీరు చేసుకున్న సెట్టింగు మీ కంప్యూటర్‌తోనే ఉండిపోతుంది, ఈ వరుస మాత్రం పెన్‌డ్రైవ్‌లో వెళ్ళినా వాట్సాప్‌లో వెళ్ళినా ఫైల్‌తోనే వెళుతుంది.

ఏయే సెట్టింగులు ఫైల్‌లో పెట్టాలి, ఏవి పెట్టకూడదు?

ఫైల్‌లో ఉన్న విషయానికి అవసరమైనవి పెట్టాలి, రాసినవారి ఇష్టాయిష్టాలు పెట్టకూడదు. ఈ పేజీలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఇండెంటుకు (వరుస మొదట్లో వదిలే ఖాళీకి) ట్యాబా స్పేసా, ట్యాబ్ వెడల్పు ఎంత, ఇది ఏ భాష ఫైల్, ఏ ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి), పాఠ్యాన్ని ఎన్ని అక్షరాల దగ్గర విరవాలి అనేవి ఫైల్ స్వభావానికి సంబంధించినవి. వీటిలో ఏది తప్పినా, తర్వాత చేయి పెట్టినవారు తెలియకుండానే ఫైల్‌ను చెడగొడతారు. వరుసల అంకెలు కనిపించాలా, కర్సర్ ఉన్న వరుస మెరవాలా, పొడవైన వరుసలు తెరమీద మడత పడాలా అనేవి చూసేవారి కంటికి సంబంధించినవి. విమ్‌లో ‘నంబర్’ ఆప్షన్‌ను మోడ్‌లైన్‌లో పెట్టడానికి అడ్డేమీ లేదు, కానీ పెడితే మీ ఫైల్ తెరిచిన ప్రతివారి కిటికీలోనూ అడగకుండా అంకెలు ప్రత్యక్షమవుతాయి. ఇతరుల పనిచోటును ఆ విధంగా సర్దడం మర్యాద కాదని నా అభిప్రాయం.

అన్ని ఎడిటర్లకూ ఒకే పద్ధతి ఉందా?

ఫైల్ లోపల రాసే వరుసకు లేదు. విమ్‌కు, దాని నుంచి పుట్టిన నియోవిమ్‌కు ఒక రూపం, ఈమ్యాక్స్‌కు ఇంకొకటి, కేట్ అనే ఎడిటర్‌కు మరొకటి. కేట్ మొదటి 10 వరుసల్లోనూ చివరి 10 వరుసల్లోనూ తన పేరుతో మొదలయ్యే వరుస కోసం వెతుకుతుంది. వీఎస్ కోడ్‌కు ఫైల్ లోపలి వరుసను చదివే అలవాటు స్వతహాగా లేదు, విండోస్ నోట్‌ప్యాడ్ ఇవేవీ పట్టించుకోదు.

అందరికీ పనికొచ్చే ఉమ్మడి మార్గం ఎడిటర్‌కాన్ఫిగ్. ఇందులో సెట్టింగు ఫైల్ లోపల ఉండదు, ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘.ఎడిటర్‌కాన్ఫిగ్’ అనే ప్రత్యేక ఫైల్‌లో ఉంటుంది. నియోవిమ్ 0.9 నుంచి దీన్ని తనంతట తానే చదువుతుంది. విమ్ 9.1తో దీని ప్లగిన్ కూడా వస్తుంది కానీ ‘ప్యాక్‌యాడ్ ఎడిటర్‌కాన్ఫిగ్’ అని ఒక్క మాట చెప్పి దాన్ని లేపాలి. ఈమ్యాక్స్ 30లో ఇది లోపలే ఉంది, ఆన్ చేసుకోవాలి. వీఎస్ కోడ్‌కు ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి.

## రాసేటప్పుడు

విమ్‌లో ఆ వరుస ఖచ్చితంగా ఎలా రాయాలి?

పైథాన్ లేదా షెల్ స్క్రిప్టులో ఇలా ఉంటుంది:

`# విమ్: సెట్ ఫైల్‌టైప్=పైథాన్ షిఫ్ట్‌విడ్త్=4 ఎక్స్‌పాండ్‌ట్యాబ్ :`

షిఫ్ట్‌విడ్త్ అంటే ఇండెంటు ఒక్కో మెట్టుకు ఎన్ని స్థానాలో చెప్పేది, ఎక్స్‌పాండ్‌ట్యాబ్ అంటే ట్యాబ్ మీట నొక్కితే స్పేసులు పడాలని చెప్పేది. చిన్న విషయాలే ఇక్కడ కీలకం. ‘విమ్’ అనే మాట వరుస మొదట్లోనైనా ఉండాలి, లేదా దానికి ముందు ఒక ఖాళీ అయినా ఉండాలి. వ్యాఖ్య గుర్తుకు అంటించి రాస్తే విమ్ దాన్ని గుర్తించదు. ‘విమ్’ తర్వాత కోలన్ వెంటనే రావాలి. ‘సెట్’ తర్వాత ఒక ఖాళీ ఉండాలి. ‘సెట్’ వాడినప్పుడు చివర ముగింపు కోలన్ తప్పనిసరి. ఆప్షన్ విలువలోనే ఖాళీ ఉంటే దాని ముందు వెనుకవాలు గీత (బ్యాక్‌స్లాష్) పెట్టాలి.

‘ఫైల్‌టైప్’ను వరుసలో అన్నిటికంటే ముందు రాయడం మంచిది. ఫైల్‌టైప్ మారిన వెంటనే ఆ భాషకు విమ్‌లో ఉన్న సొంత సెట్టింగులు అమలవుతాయి కాబట్టి, దాన్ని చివర్లో పెడితే మీరు ముందు రాసిన వెడల్పులను అవి తుడిచివేసే అవకాశం ఉంది.

ఈ వరుసను మొదటి 5 వరుసల్లోగాని చివరి 5 వరుసల్లోగాని ఉంచాలి. ‘మోడ్‌లైన్స్’ అనే ఆప్షన్‌కు విమ్ పెట్టుకున్న సహజ విలువ 5, అంతకు మించి లోపలికి అది చూడదు. ఫైల్ చివర కొత్త విషయం చేర్చుకుంటూ పోయేవారి మోడ్‌లైన్ నెమ్మదిగా ఆరో వరుసకు జరిగి పని మానేస్తుంది. పెరుగుతూ ఉండే ఫైళ్ళకు పైన పెట్టడమే క్షేమం.

సీ ఫైల్‌లోనూ హెచ్‌టీఎంఎల్ ఫైల్‌లోనూ పెడితే తెలియని ఆప్షన్ అని ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

మీరు ‘సెట్’ లేని రూపం వాడి ఉంటారు. ఆ రూపంలో కోలన్ తర్వాత వరుస చివరి వరకు ఉన్నదంతా ఆప్షన్లుగానే విమ్ లెక్కిస్తుంది. సీ వ్యాఖ్యను మూసే నక్షత్రం, వాలుగీత కూడా ఆప్షన్ అనుకొని, అలాంటిది తనకు తెలియదని చెబుతుంది. ‘సెట్’ ఉన్న రూపం రాసి, చివర కోలన్ పెట్టి, ఆ తర్వాత వ్యాఖ్యను మూయండి. కోలన్ తర్వాత ఉన్న దాన్ని విమ్ ముట్టుకోదు.

ఈమ్యాక్స్‌లో మొదటి వరుసలో రాయాలా, చివర రాయాలా?

రెండూ చెల్లుతాయి. ఒకటి రెండు సెట్టింగులైతే మొదటి వరుస చాలు:

`# -*- మోడ్: పైథాన్; ట్యాబ్-విడ్త్: 4 -*-`

స్క్రిప్టును నడిపే ప్రోగ్రాము పేరు మొదటి వరుసలో ఉంటే, ఇది రెండో వరుసలో ఉండవచ్చు. సెట్టింగులు ఎక్కువైతే ఫైల్ చివర జాబితాగా రాయాలి:

`# లోకల్ వేరియబుల్స్:`
`# ఫిల్-కాలమ్: 70`
`# ఇండెంట్-ట్యాబ్స్-మోడ్: నిల్`
`# ఎండ్:`

జాబితాలో మొదటి వరుసకు ముందూ వెనకా ఏ గుర్తులు ఉన్నాయో, మిగిలిన ప్రతి వరుసకూ సరిగ్గా అవే ఉండాలి. ఈ జాబితా ఫైల్ చివరి నుంచి 3000 అక్షరాల లోపు మొదలవ్వాలి. చేత్తో రాయడం కష్టమనిపిస్తే ‘యాడ్-ఫైల్-లోకల్-వేరియబుల్’ అనే ఆజ్ఞ ఇస్తే ఈమ్యాక్సే పేరు, విలువ అడిగి, ఆ భాషకు తగిన వ్యాఖ్య గుర్తులతో జాబితాను అమరుస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి నేను దీన్నే చెబుతాను, ఎందుకంటే గుర్తుల పొరపాటుకు ఇందులో తావు ఉండదు.

చెరువుల మేత లెక్కకు మేక్‌ఫైల్ రాశాను. ‘మిస్సింగ్ సెపరేటర్’ అంటూ ఆగిపోతోంది. ఇది ఎడిటర్ వల్లేనా?

దాదాపు ఎప్పుడూ ఎడిటర్ వల్లే. ‘మేక్’ అనే ప్రోగ్రాము చదివే ఆజ్ఞల జాబితా అయిన మేక్‌ఫైల్‌లో ప్రతి ఆజ్ఞ వరుసా నిజమైన ట్యాబ్‌తో మొదలవ్వాలి. పైథాన్ కోసం మీరు ఎడిటర్‌లో ట్యాబ్ మీటను స్పేసులుగా మార్చి ఉంటే, అదే అలవాటు మేక్‌ఫైల్‌కూ అంటుకొని, చూడడానికి తేడా లేకుండా 8 స్పేసులు పడతాయి. మేక్‌ఫైల్ పైభాగంలో ఈ వరుస పెట్టండి:

`# విమ్: సెట్ ఫైల్‌టైప్=మేక్ నోఎక్స్‌పాండ్‌ట్యాబ్ :`

ఇప్పటికే పడిన స్పేసులను ఈ వరుస మార్చదు. విమ్‌లో ‘సెట్ లిస్ట్’ ఇస్తే ట్యాబులు వేరే గుర్తుగా కనిపిస్తాయి, కాబట్టి ఎక్కడ స్పేసులు ఉన్నాయో కంటితో చూసి సరిచేయండి.

ధవళేశ్వరం నీటిమట్టాలు రాసుకునే, గడులను ట్యాబులతో విడదీసిన టీఎస్‌వీ ఫైల్ ఉంది. దానిలో మోడ్‌లైన్ పెట్టవచ్చా?

పెట్టకండి. ప్రోగ్రాములు వరుసవరుసగా చదివే డేటా ఫైల్‌లో వ్యాఖ్య అనేదే ఉండదు. మీరు పెట్టిన మోడ్‌లైన్‌ను పైథాన్ గాని, స్ప్రెడ్‌షీట్ గాని ఇంకొక నమోదుగా చదువుతుంది, ఫలితంగా మీ పట్టికలో తేదీ ఉండవలసిన గడిలో ‘విమ్’ అన్న మాట చేరుతుంది. ఇటువంటి ఫైళ్ళకు సెట్టింగు బయట ఉండాలి, అంటే అదే ఫోల్డర్‌లో ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ పెట్టాలి:

`[*.టీఎస్‌వీ]`
`ఇండెంట్_స్టైల్ = ట్యాబ్`
`ట్యాబ్_విడ్త్ = 12`
`ట్రిమ్_ట్రెయిలింగ్_వైట్‌స్పేస్ = ఫాల్స్`

వీటిలో చివరి వరుసను చాలామంది అనవసరమనుకొని వదిలేస్తారు, కాని అన్నిటికంటే ముఖ్యమైనది అదే. మీ ఫైల్‌లో తేదీ, సమయం, అడుగుల్లో నీటిమట్టం, హెచ్చరిక అని నాలుగు గడులు ఉన్నాయనుకుందాం. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75 దగ్గర, మూడోది 17.75 దగ్గర ఇస్తారు. 11.75 కన్నా తక్కువ ఉన్న రోజుల్లో హెచ్చరిక గడి ఖాళీ, అంటే ఆ వరుస ట్యాబ్‌తోనే ముగుస్తుంది. వరుస చివరి ఖాళీలను కత్తిరించే సెట్టింగు ఆన్‌లో ఉన్న ఎడిటర్‌లో ఎవరైనా ఆ ఫైల్‌ను తెరిచి సేవ్ చేస్తే చాలు, ఆ ట్యాబులన్నీ పోయి, వరద లేని రోజుల వరుసలకు మూడు గడులే మిగులుతాయి. 2022 జులై వంటి పెద్ద వరద రోజుల వరుసలు మాత్రం చెక్కుచెదరవు కాబట్టి, పైపైన చూసినవారికి తేడా తెలియదు, లెక్క వేసే ప్రోగ్రాము మాత్రం మధ్యలో ఆగిపోతుంది.

వెడల్పు 12 అన్నది ఎందుకంటే, తేదీని 2022-07-16 పద్ధతిలో రాస్తే 10 స్థానాలు పడుతుంది, ఆ పక్కన కాస్త ఖాళీ మిగులుతుంది. గడుల శీర్షికలు తెలుగులో ఉంటే టెర్మినల్‌లో అవి ట్యాబులకు నిలువునా సరిపోవని ముందే తెలుసుకోండి. ఒత్తులు, గుణింతాలు ఆక్రమించే వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది, దాన్ని ట్యాబ్ వెడల్పుతో సరిచేయబోవడం వృథా ప్రయాస.

తెలుగు ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి. మోడ్‌లైన్‌లో ఎన్‌కోడింగ్ రాస్తే సరిపోతుందా?

ఈమ్యాక్స్‌లో సరిపోతుంది, విమ్‌లో సరిపోదు. ఈమ్యాక్స్ మొదటి వరుసలోని ‘కోడింగ్: యూటీఎఫ్-8’ అన్న మాటను ఫైల్‌ను అక్షరాలుగా మార్చడానికి ముందే చూస్తుంది. విమ్ మొదట ఫైల్‌ను పూర్తిగా చదివి, ఆ తర్వాతే మోడ్‌లైన్ చూస్తుంది. అప్పుడు ‘ఫైల్‌ఎన్‌కోడింగ్’ మార్చినా అది రాబోయే సేవ్‌కు వర్తిస్తుందే తప్ప, జరిగిపోయిన చదువుకు వర్తించదు. పైగా, తప్పుగా చదివిన ఫైల్‌ను అలాగే సేవ్ చేస్తే తప్పు స్థిరపడిపోతుంది. కనుక విమ్‌లో ‘ఇ ++ఎన్క్=యూటీఎఫ్-8’ అన్న ఆజ్ఞతో మళ్ళీ తెరవాలి.

యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. ‘గోదావరి’ అన్న మాటలో గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి కలిపి 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. వీటిలో ఒక్క బైటు తెగినా విమ్ ఆ ఫైల్ మొత్తం యూటీఎఫ్-8 కాదని తీర్మానించి, లాటిన్-1గా, అంటే పాశ్చాత్య భాషల పాత ఎన్‌కోడింగ్‌లో చూపిస్తుంది. వందల పేజీల పుస్తకమంతా చెడినట్టు కనిపించడానికి కారణం చాలాసార్లు ఒకే ఒక్క తెగిన అక్షరం. అలా లాటిన్-1గా కనిపిస్తున్నప్పుడే, యూటీఎఫ్-8గా మళ్ళీ తెరవకముందే, నార్మల్ మోడ్‌లో 8, జి, 8 మీటలను వరుసగా నొక్కితే కర్సర్ ఆ చెడిన బైటు దగ్గరికే వెళ్ళి నిలుస్తుంది.

పాత నాన్ యూనికోడ్ ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైళ్ళ సంగతి వేరు. వాటిలో ఉన్నవి తెలుగు సంకేతాలే కావు కాబట్టి ఏ ఎడిటర్ సెట్టింగూ వాటిని బాగుచేయలేదు, యూనికోడ్‌లోకి మార్చే పరికరం కావాలి.

## పని చేయనప్పుడు

ఇంట్లో పని చేసే మోడ్‌లైన్ కాలేజీ ల్యాబ్‌లో పని చేయడం లేదు. ఎక్కడ తప్పు?

ల్యాబులో ఉబుంటు ఉంటే అది తప్పు కాదు, ఆ వ్యవస్థ తీసుకున్న జాగ్రత్త. డెబియన్, ఉబుంటు తమ విమ్‌లో మోడ్‌లైన్‌ను భద్రత కోసం ఆఫ్ చేసి ఇస్తాయి. ‘సెట్ మోడ్‌లైన్?’ అని ప్రశ్న గుర్తుతో అడిగి చూడండి, జవాబు ‘నోమోడ్‌లైన్’ అని వస్తే సంగతి ఇదే. మీ సొంత విమ్ఆర్‌సీ ఫైల్‌లో (విమ్ మొదలైనప్పుడు చదివే మీ సెట్టింగుల ఫైల్‌లో) ‘సెట్ మోడ్‌లైన్’ అని ఒక వరుస చేర్చుకుంటే మీ ఖాతా వరకు పని చేస్తుంది. రూట్‌గా, అంటే కంప్యూటర్ నిర్వాహక ఖాతాతో తెరిచినప్పుడు కూడా విమ్ మోడ్‌లైన్ చదవదు, దాన్ని అలాగే ఉండనివ్వండి.

ట్యాబ్ వెడల్పు ఎవరు మార్చారో అంతు పట్టడం లేదు. తెలుసుకోవడం ఎలా?

విమ్‌లో ‘వెర్బోస్ సెట్ ట్యాబ్‌స్టాప్?’ అని అడగండి. ప్రస్తుత విలువతోపాటు అది చివరిసారి ఎక్కడ మారిందో, మీ విమ్ఆర్‌సీలోనా, భాషా ప్లగిన్‌లోనా, మోడ్‌లైన్‌లోనా అన్నది కూడా చూపిస్తుంది. ఈమ్యాక్స్‌లో కంట్రోల్-హెచ్, వి నొక్కి వేరియబుల్ పేరు ఇస్తే దాని విలువ, ఆ బఫర్‌కు (అప్పుడు తెరిచి ఉన్న ఫైల్‌కు) మాత్రమే చెందినదా కాదా అన్నది తెలుస్తాయి. ఊహించి పది చోట్ల మార్చే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకోవాలని నేను విద్యార్థులను పదే పదే కోరుతుంటాను.

మోడ్‌లైన్ మార్చి సేవ్ చేశాను, అయినా ఏమీ మారలేదు.

ఎడిటర్ ఆ వరుసను ఫైల్ తెరిచేటప్పుడు మాత్రమే చదువుతుంది. విమ్‌లో కోలన్ ఇ కొట్టి ఫైల్‌ను మళ్ళీ తెరవండి. ఈమ్యాక్స్‌లో ‘నార్మల్-మోడ్’ ఆజ్ఞ ఇస్తే చాలు.

వీఎస్ కోడ్‌లో ట్యాబ్ సైజు 4 అని పెట్టినా ఈ ఒక్క ఫైల్‌లో 2 చూపిస్తోందండీ.

వీఎస్ కోడ్‌లో ‘డిటెక్ట్ ఇండెంటేషన్’ అనే సెట్టింగు మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఫైల్ తెరిచిన వెంటనే అది లోపలి వరుసలను చూసి, ఇప్పటికే 2 స్పేసులు వాడుతున్నారని గ్రహిస్తే, మీ 4ను పక్కన పెట్టి 2నే తీసుకుంటుంది. ఇతరుల ఫైల్‌లో పని చేసేటప్పుడు ఇది మేలు చేసే గుణం, కాబట్టి ఆపేయమని చెప్పను. కింది పట్టీలో ఇండెంటు అంకె మీద నొక్కి మార్చుకునే విలువ ఫైల్‌లోకి చేరదు, అందరికీ వర్తించాలంటే ఎడిటర్‌కాన్ఫిగ్‌లో రాయాలి.

ట్యాబ్‌స్టాప్ మార్చాను కానీ పాత వరుసల్లో స్పేసులు అలాగే ఉన్నాయి.

ఈ సెట్టింగులు ఫైల్‌లో ఇదివరకే ఉన్నదాన్ని మార్చవు, ఇకమీదట మీరు టైపు చేసేదానికి, తెరమీద చూపే తీరుకు మాత్రమే వర్తిస్తాయి. విమ్‌లో ఎక్స్‌పాండ్‌ట్యాబ్ పెట్టి ‘రీట్యాబ్’ ఆజ్ఞ ఇస్తే పాత ట్యాబులు స్పేసులవుతాయి. అయితే కొటేషన్ గుర్తుల మధ్య కావాలని ఉంచిన ట్యాబులను కూడా అది మార్చేస్తుంది, మార్చిన తర్వాత తేడాలు ఒకసారి చూసుకోవాలి.

## నలుగురితో పంచుకునేటప్పుడు

ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉండాలి? రెండు చోట్ల ఉంటే ఏది నెగ్గుతుంది?

ప్రాజెక్టు పై ఫోల్డర్‌లో ఉంచండి, దాని మొదటి వరుసలో ‘రూట్ = ట్రూ’ అని రాయండి. ఎడిటర్ మీరు తెరిచిన ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టు పైకి వెళుతూ వెతుకుతుంది, ఆ మాట కనిపించిన చోట ఆగుతుంది. అది లేకపోతే ఇంకా పైకి వెళ్ళి, మీ హోమ్ ఫోల్డర్‌లో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఫైల్‌ను కూడా కలుపుకుంటుంది. రెండు చోట్ల ఉంటే దగ్గర ఫోల్డర్‌లోనిది నెగ్గుతుంది. ఒకే ఫైల్‌లో రెండు విభాగాలు వర్తిస్తే కింద రాసినది నెగ్గుతుంది, అందుకే అన్ని ఫైళ్ళకూ వర్తించే నక్షత్రం విభాగాన్ని పైన, మేక్‌ఫైల్ వంటి ప్రత్యేక విభాగాలను కింద రాస్తారు.

మా బృందంలో ఒకరు విమ్, ఒకరు ఈమ్యాక్స్ వాడతారు. రెండు వరుసలూ రాయాలా?

రాయవచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. కానీ ఒకరు ఒక వరుసను మార్చి రెండోదాన్ని మరిచిపోయిన రోజున ఒకే ఫైల్ రెండు మాటలు చెబుతుంది. ఫోల్డర్ మొత్తానికి ఒకే నియమం ఉన్నప్పుడు ఎడిటర్‌కాన్ఫిగ్‌లో ఒక్కచోట రాయడమే మేలు. ఆ నియమానికి భిన్నంగా ఉన్న ఒకటి రెండు ఫైళ్ళకు, లేదా ఫోల్డర్ నుంచి విడిపోయి ఒంటరిగా తిరిగే ఫైళ్ళకు మాత్రం లోపలి వరుస ఉంచండి. పేరు చూసి భాష తెలియని ఫైళ్ళకు ఇంకొక ఉపయోగం కూడా ఉంది: గిట్‌హబ్ సైతం భాషను గుర్తించడానికి విమ్, ఈమ్యాక్స్ మోడ్‌లైన్లను చూస్తుంది.

సెట్టింగు మార్చి రెండే వరుసలు దిద్దాను, మార్పులను నమోదు చేసే గిట్ మాత్రం ఫైల్ మొత్తం మారిందంటోంది.

ట్యాబులు స్పేసులుగా మారి ఉంటాయి, లేదా వరుస ముగింపు గుర్తులు విండోస్ పద్ధతి నుంచి లైనక్స్ పద్ధతికి మారి ఉంటాయి. ‘గిట్ డిఫ్’కు డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే ఖాళీల తేడాలను వదిలి అసలు మార్పును మాత్రమే చూపిస్తుంది. మీ రెండు వరుసల మార్పును ఒక కమిట్‌గా (గిట్‌లో ఒక నమోదుగా), ఖాళీల సవరణను విడిగా ఇంకొక కమిట్‌గా చేయండి. రెండూ కలిపేస్తే, రేపు ఏ వరుస ఎవరు ఎందుకు రాశారో వెతికేవారికి ఫైల్ అంతా మీ పేరే కనిపిస్తుంది.

## తెలియనివారి ఫైళ్ళు వచ్చినప్పుడు

మెయిల్‌లో వచ్చిన మామూలు టెక్స్ట్ ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిస్తే ప్రమాదం ఉంటుందా?

ఎడిటర్ పాతదైతే ఉంటుంది. 2019లో బయటపడిన సీవీఈ-2019-12735 అనే లోపం దీనికి గట్టి ఉదాహరణ. మోడ్‌లైన్‌లో ‘సెట్’ తప్ప వేరే ఆజ్ఞలకు విమ్ చోటివ్వదు, లెక్కకట్టవలసిన కొన్ని విలువలను శాండ్‌బాక్స్ అనే కట్టుదిట్టమైన హద్దులో నడుపుతుంది. ఆ హద్దును దాటే దారి ఒకటి దొరకడంతో, ఫైల్ తెరిచినంత మాత్రాన అందులో దాచిన ఆజ్ఞ మీ కంప్యూటర్‌లో నడిచే పరిస్థితి వచ్చింది. విమ్ 8.1.1365లోనూ నియోవిమ్ 0.3.6లోనూ దాన్ని సరిచేశారు. వెంటనే వచ్చిన 8.1.1366లో ‘మోడ్‌లైన్‌ఎక్స్‌ప్ర్’ అనే ఆప్షన్ చేర్చి, లెక్కకట్టే విలువలను మోడ్‌లైన్‌లో వాడడాన్ని మీరు కోరితే తప్ప జరగకుండా చేశారు. మీ కంప్యూటర్‌లో విమ్ అంతకన్నా పాతదైతే ముందు దాన్ని మార్చుకోండి. మార్చుకునే వీలు లేకపోతే మోడ్‌లైన్ ఆఫ్ చేసుకోండి.

ఈమ్యాక్స్ ఏదో జాబితా చూపించి వై, ఎన్, ఆశ్చర్యార్థకం అని అడుగుతోంది. ఏది నొక్కాలి?

ముందు జాబితాను చదవండి. ట్యాబ్ వెడల్పు వంటి హాని లేని విలువలకు ఈమ్యాక్స్ అసలు అడగదు, అడిగిందంటే అందులో తనకు నమ్మకం లేనిదేదో ఉందని అర్థం. వై నొక్కితే ఈసారికి అమలవుతుంది, ఎన్ నొక్కితే అమలు కాదు. ఆశ్చర్యార్థకం నొక్కితే ఆ విలువలను ఇకపై అడగకుండా అంగీకరిస్తానని శాశ్వతంగా రాసుకుంటుంది. ‘ఇవాల్’ అనే పేరు కనిపిస్తే అది సెట్టింగు కాదు, నడిచే ప్రోగ్రాము. మీరు స్వయంగా రాసినదో, పక్కన కూర్చొని పని చేసేవారు రాసినదో కాకపోతే ఎన్ నొక్కండి. ఎన్ నొక్కినా ఫైల్ మామూలుగానే తెరుచుకుంటుంది, పోయేదేమీ లేదు.

ఎడిటర్‌లో తెరవకుండానే లోపల ఏం రాసి ఉందో చూడవచ్చా?

చూడవచ్చు. టెర్మినల్‌లో ‘హెడ్’ మొదటి 10 వరుసలను, ‘టెయిల్’ చివరి 10 వరుసలను చూపిస్తాయి. విమ్ చూసే 5, కేట్ చూసే 10 వరుసలు రెండూ ఇందులో వచ్చేస్తాయి. ఈమ్యాక్స్ జాబితా మాత్రం చివరి 3000 అక్షరాల్లో ఎక్కడైనా మొదలవ్వవచ్చు కాబట్టి, ‘టెయిల్’కు సి ఆప్షన్‌తో పరిమాణం చెప్పాలి. ఆ ఆప్షన్ అక్షరాలను కాక బైట్లను లెక్కిస్తుంది. ఇంగ్లీషు ఫైల్‌కు 3000 సరిపోతుంది, తెలుగు ఫైల్‌కు 9000 ఇవ్వాలి.